నూకన్న ఇనుపటోపీ

భీమునిపట్నం,
14 సెప్టెంబరు 2020.

శ్రీమతి వసంతలక్ష్మి గారికి,

మీరు మా పోస్టుమాస్టరు పేర రాసిన కార్డు నిన్న మా ఇంటికి చేరింది. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని, వీధిలోనే నిలబడి చదివి వినిపించాడు. నాకు చెవులు సరిగ్గా వినపడవు. కార్డు గట్టు మీద పెట్టించుకుని నేనే చదువుకున్నాను.

సూరత్‌లో మీ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి నావికుడి ఇనుపటోపీ ఒకటి ఉందన్నారు. లోపల పేరు ఉండాల్సిన చోట ఎవరో ఆకురాయితో గీకేశారని, అంచు కింద మేకుతో గీసిన ‘నూ’ అనే తెలుగక్షరం ఒక్కటే మిగిలిందని రాశారు. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే నావికుడు ఎవరైనా ఉన్నాడా అని మన తీరం వెంట ఉన్న పోస్టాఫీసులన్నిటినీ అడుగుతున్నారట.

మా పాలెంలో ఇంటికో నూకన్న, ఇంటికో నూకాలు. మా అమ్మవారి పేరు అది. కానీ నౌకాదళంలో చేరిన నూకన్న, దొరలు పనిగట్టుకుని పేరు గీకేయాల్సి వచ్చిన నూకన్న ఒక్కడే. ఆయన మా అయ్య, మైలపల్లి నూకన్న. నలభై మూడులో వెళ్లాడు. నలభై ఆరులో కంబళి ఒక్కటి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

ఆ టోపీ నాకు పంపించండి. పోస్టు ఖర్చు నాది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఫోన్ చేయకండి, సగం మాటలు గాలికి పోతాయి. ఉత్తరమే రాయండి.

లలితమ్మ

*

హజీరా, సూరత్,
2 అక్టోబరు 2020.

లలితమ్మ గారికి నమస్కారాలు.

అన్ని పోస్టాఫీసులకు రాస్తే జవాబిచ్చింది మీరొక్కరే. చాలా సంతోషం.

నా గురించి రెండు మాటలు. మాది తెనాలి. మావారు రామారావు గారు ఇక్కడ ఇంజనీరు. కంపెనీ కాలనీలో ఉంటాం. నేను ఇల్లు చూసుకుంటాను, యుద్ధకాలపు నావికుల హెల్మెట్లు సేకరిస్తాను. ఈ ఊళ్లో ఉంటూ సేకరించడం పెద్ద గొప్పేమీ కాదు. సముద్రపు పాయకు అవతల ఓడలు విరగ్గొట్టే రేవు ఉంది. అక్కడి సామాను ఇక్కడి భంగార్ కొట్లకు, అదే పాత ఇనుము కొట్లకు, వస్తూనే ఉంటుంది. మొదటి హెల్మెట్ వరాఛాలో ఒక మేడ మీద కనిపించింది. పావురాలకు నీళ్లు పోసుకుంటున్నారు. వంచి చూస్తే లోపల ఒక మనిషి పేరు. పేరున్న దాన్ని పావురాలకు వదిలేసి ఎలా వస్తాను? రత్నగిరిలో ఆయన మనవరాలు దొరికేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. “మనింట్లో ఉన్నవి మూడు తలలు. ఇన్ని టోపీలు ఎవరికోయ్?” అంటారు మావారు. ఎవరివో తెలుసుకోవడానికేగా తెచ్చింది, అంటాను.

మీరు అడిగినది కడోదరాలో దొరికింది. అక్కడ మగ్గాల మిల్లులో పనిచేసే ఆగయ్య అని జగిత్యాల మనిషి ఉన్నాడు. ఎక్కడైనా ఇలాంటివి కనబడితే కబురు పెడతాడు. ఈ ఫిబ్రవరిలో హైవే పక్కన ఆమ్లెట్లు వేసే బండి దగ్గరకు తీసుకెళ్లాడు. “గిది టోపీ కాదమ్మా, గీనికి గుడ్ల గంప. ఎంత మొత్తుకున్నా ఇయ్యనంటున్నడు. జర నువ్వే మాట్లాడు” అన్నాడు. బండివాడికి రెండు స్టీలు బుట్టలు కొనిచ్చి తెచ్చుకున్నాను.

అయితే దీన్ని పంపలేను. తప్పుగా అనుకోకండి. హెల్మెట్ పక్కన ఒక మనిషి పేరు రాయాలంటే నాకు మూడు ఆధారాలు కావాలి. ‘నూ’ ఒకటి మాత్రమే. దాన్ని తర్వాత ఎవరైనా గీసి ఉండొచ్చు. మీ నాన్నగారి ఫొటో ఉందా? ఏ ఓడలో పనిచేశారు? తల కొలత సుమారుగా చెప్పగలరా? అంతవరకు నా పుస్తకంలో దీని ఎదురుగా ‘పేరు తెలియదు’ అనే ఉంటుంది.

భవదీయ,
వసంతలక్ష్మి

*

భీమునిపట్నం,
25 అక్టోబరు 2020.

శ్రీమతి వసంతలక్ష్మి గారికి,

మా అయ్య తల కొలత అడిగారు. టేపు పెట్టి కొలవలేదమ్మా. ఎండలో వల ఎండేసి వచ్చాక ఆ తలకు నూనె రాసేదాన్ని. నా రెండు అరచేతుల్లో పట్టేది. రాసుకోండి.

ఫొటో లేదు. కాగితం లేదు. ఉంటే మీకు ఉత్తరం రాసే అవసరమే లేదు.

ఆయన చెప్పినది చెబుతాను. ఓడ బొంబాయి రేవులో ఉంది. అన్నంలో రాళ్లు, పప్పులో పురుగులు, దొరల నోట బూతులు. నలభై ఆరు ఫిబ్రవరిలో ఆ రేవులో నావికులంతా సమ్మె కట్టారు. మా అయ్య కూడా పళ్లెం తోసేశాడు. కొన్నాళ్లు ఓడ మీద దొర మాట చెల్లలేదు. తర్వాత తుపాకులతో వచ్చి పట్టుకున్నారు, ఉద్యోగం తీసేసి రైలెక్కించారు. ఎక్కించే ముందు ఇచ్చిన సామానంతా తిరిగి పెట్టమన్నారు. ఎవరి టోపీలో ఉన్న పేరు వాళ్లే గీకి ఇమ్మన్నారు. మా అయ్య మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, వినపడని చెవిలోనే. “నా పేరు నాను గీకనన్నాను. ఆళ్లే గీకీసుకున్నారు.”

ఊళ్లో దిగితే పెట్టె లేదు, జీతం లేదు. ఏదో దొంగిలించి దొరికిపోయాడన్నారు. దొంగ నూకన్న అయ్యాడు. ఆయన వివరం చెప్పబోతే నవ్వారు, రెండోసారి చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు క్లాసుకు వెళితే నల్లబల్ల మీద ‘దొంగ నూకన్న కూతురు’ అని రాసి ఉంది. అక్షరదోషం లేదు. చెరిపేసి పాఠం మొదలుపెట్టాను.

ఇప్పుడు తొందర ఎందుకో కూడా వినండి. యుద్ధానికి వెళ్లిన మా పాలెం వాళ్ల పేర్లతో రేవు దగ్గర రాయి నిలబెడుతున్నారు. ఈ జబ్బు వల్ల పని ఆగింది గానీ పేర్లు ఖాయమయ్యాయి. మా అయ్య పేరు లేదు. సంఘం పెద్ద పోలయ్య పరాయివాడు కాడు, మా చిన్నాన్న కొడుకు. వాడినే అడిగాను. “తీసీసినోడి పేరు రాయి మీద ఎలాగేస్తామప్పా? అడిగితే ఏటి సూపిస్తాం?” అన్నాడు. అప్ప అంటే మా వైపు అక్క.

అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. టోపీ లోపల వల ఉందా? ఇచ్చిన లోపలి గుడ్డ చెమటకు కుళ్లిపోయి కంపు కొడితే, పీకేసి, గాలి ఆడేలా నూలుదారంతో వల అల్లుకున్నానని చెప్పాడు. మేం వలలవాళ్లం. ఇంకెవరూ ఆ పని చేయరు. వల ఉంటే అది మా అయ్యది. లేకపోతే మీ పావురాలకే ఇచ్చేయండి.

లలితమ్మ

*

హజీరా,
30 నవంబరు 2020.

లలితమ్మ గారికి,

ఆలస్యానికి మన్నించాలి. ఇక్కడ కొన్ని ఇబ్బందులు వచ్చాయి.

మీరు అడిగిన దానికి జవాబు. ఇప్పుడు హెల్మెట్ లోపల వల లేదు. తెల్లటి నాడాతో కుట్టిన కొత్త పట్టీ ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త.

వసంతలక్ష్మి

*

భీమునిపట్నం,
11 డిసెంబరు 2020.

వసంతలక్ష్మి గారికి,

ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దాను. పాఠం చదవని పిల్ల పొడుగ్గా రాస్తుంది. ఏదో దాచే పిల్ల పొట్టిగా రాస్తుంది.

‘ఇప్పుడు’ లేదన్నారు. ఎప్పుడు ఉంది? కొత్త పట్టీ కుట్టింది ఎవరు?

తల కొలత దగ్గర నుంచి అడిగిన మనిషి, గుడ్లబండివాడికి ఇచ్చిన బుట్టలు కూడా రాసిన మనిషి, ఈ ఒక్కటి ఎందుకు మింగారు? నిజం రాయండి. పాడైపోయిందన్నా పడగలను. ఆ కుటుంబంలోనే పుట్టాను.

లలితమ్మ

*

హజీరా,
19 జనవరి 2021.

టీచరుగారూ,

పట్టుకున్నారు. వల ఉండేది. నేనే తీసేశాను.

బండి దగ్గర చూసినప్పుడు ఆ వలలో గుడ్లు పేర్చి ఉన్నాయి. ఇనుముకు తగిలి పగలకుండా బండివాడే అల్లించుకున్నాడు అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారని నాకు నేను చెప్పుకుంటున్నాను, కానీ వాళ్లెవరూ నాలా హెల్మెట్లు సేకరించేవాళ్లు కాదు కదా. ఇంటికి తెచ్చేసరికి గుడ్డుసొన కంపు. మా ఇంట్లో గుడ్డు పొయ్యెక్కదు. చుట్టూ కత్తెరతో కత్తిరించి వల తీసేశాను. కుంకుడు రసంతో రెండుసార్లు కడిగాను, హెల్మెట్‌కు చక్కటి పట్టీ కుట్టి మురిసిపోయాను.

నాకొక అలవాటుంది. వస్తువు మీంచి తీసినదేదీ పారేయను. వలను హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకు చీటీ అంటించాను: ‘గుడ్లబండివాడి పని. విలువ లేదు.’

మీ అక్టోబరు ఉత్తరం చదవగానే సీసా కోసం లేచాను. ఇంట్లో లేదు. ఆ సంగతి మీకు రాయడానికి చెయ్యి రాలేదు. దీపావళికి ముందు కాలనీ కమిటీ నోటీసు పంపింది. భంగార్ సామాను వల్ల వైరస్ వస్తుందని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారట, వారంలో ఖాళీ చేయాలట. మా అమ్మాయి కోమలి కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజీలు చూసి, “మమ్మీ, ఆ సెక్రెటరీ ఆంటీ మనింటిని కబాడ్‌ఖానా అంటోంది. ప్లీజ్ యార్, కొన్నాళ్లు పంపించేయ్” అంది. కబాడ్‌ఖానా అంటే తుక్కు సామాన్ల కొట్టు. తలొంచాను. హెల్మెట్లు, సీసాలు అన్నీ పెట్టెల్లో సర్ది లింబాయత్‌లో ఆగయ్య గదికి పంపాను.

మీ డిసెంబరు ఉత్తరం వచ్చిన మర్నాడు ఆటో కట్టించుకుని వెళ్లాను. హార్లిక్స్ సీసాలో ఉప్పు ఉంది. ఆగయ్య భార్య గంగవ్వ గిన్నెలు తోముతోంది. తోముతున్నది ఆ వలతోనే. చేతిలోంచి లాక్కున్నాను.

“అయ్యో, గది పీచు అనుకున్ననమ్మా! గిన్నెలు మస్తు తెల్లగైతున్నయ్!”

“నేను చెప్పలే? అమ్మ సామాను ముట్టకే అంటే ఇన్లే!” అని ఆగయ్య అరిచాడు.

“నువ్వెప్పుడు చెప్పినవ్? చీటి మీద ఏందో రాసున్నది, జర సదువు అంటే, ‘విలువ లేదు’ అని సదివినవ్. విలువ లేదంటేనే తీస్కున్న!”

ఆమెను ఏమని అనను? చీటీ రాసింది నేను. ఒక మూల కొంచెం అరిగింది. మిగతా అంతా దొరికింది.

అదే రోజు పెట్టెలన్నీ వెనక్కి తెచ్చేశాను. చాటుగా కాదు, పట్టపగలు, మెయిన్ గేటులోంచి. మూతలు తీసే ఉంచాను, అందరూ చూడాలని. ఇప్పుడు హెల్మెట్లన్నీ బాల్కనీ గోడ మీద వరసగా ఉన్నాయి. ఇనుము ఇంట్లో ఉంచుకోకూడదనే నియమం ఎక్కడుందో చూపించమని, అలాగైతే కాలనీలో ఇనప్పెనాలు కూడా లెక్కలోకి వస్తాయని కమిటీకి జవాబు రాశాను. మావారు నా ఉత్తరం చదివి, కింద తనూ సంతకం పెట్టారు.

ఈ కవర్లో రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటే హెల్మెట్‌లోది. రెండోది డుమస్ దగ్గర జాలరి చేత అదే లావు దారంతో అల్లించి, నేనే పాతగా కనబడేలా చేశాను. ఏది ఏదో రాయడం లేదు. మీ నాన్నగారి పని మీకు తెలుసన్నారు. చెప్పండి.

వసంతలక్ష్మి

*

భీమునిపట్నం,
8 ఫిబ్రవరి 2021.

వసంతలక్ష్మి గారికి,

పరీక్షలు పెట్టడం నా వృత్తి. నాకే పెట్టారు! మీ ధైర్యానికి మొదట ఒళ్లు మండింది. తర్వాత నచ్చింది.

రెండో ముక్కను టీ డికాక్షన్లో ముంచారు. అల్లం కూడా వేసిన టీ. దాన్ని పక్కన పెట్టాను.

మొదటిది కళ్లు మూసుకుని పట్టుకున్నాను. దాని మీద గుడ్డు లేదు, కుంకుడు లేదు, మీ గంగవ్వ గిన్నెలు లేవు. మా అయ్య ఉన్నాడు.

ఎలా తెలుసంటారేమో. ఇంతవరకు కావాలనే చెప్పలేదు, చెబితే మీరు చూసుకుని అవునంటారని. మా అయ్యది ఎడమచేతి వాటం. వల అల్లేటప్పుడు కుడిచేతివాళ్ల ముడి ఒక పక్కకు ఒరుగుతుంది, ఎడమచేతివాళ్లది దానికి ఎదురు పక్కకు. మా రేవులో ఏ వల ఎవరిదో ముడిని చూసి చెప్పేవారు. ఎడమచేతి ముడి ఒక్కడిదే. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను కనుక నాకూ అదే వచ్చింది. నేను కుడిచేత్తో రాస్తాను, ఎడమచేత్తో అల్లుతాను. బళ్లో ఎడమచెయ్యి మీద కొట్టి రాత మార్చారు. అల్లిక మార్చడానికి ఎవరూ రాలేదు.

మీ రెండు ముక్కలతో పాటు నేను నిన్న అల్లినది కూడా పంపుతున్నాను. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మా అయ్య నెత్తి కోసం అల్లిన వలలో ఇన్నాళ్లూ గుడ్లు పగలకుండా ఉన్నాయన్నమాట. ఆయన వింటే నవ్వేవాడు.

లలితమ్మ

*

హజీరా,
20 జూన్ 2021.

టీచరుగారూ,

బతికే ఉన్నాం. ఏప్రిల్లో మావారికి వచ్చింది, తర్వాత నాకు. ఆయన ఆస్పత్రిలో, నేను ఇంట్లో. కోమలి తలుపు సందులోంచి గంజి జరిపేది. జ్వరంలో మీ నాన్నగారి ముక్క దిండు కింద పెట్టుకుని పడుకున్నాను, ఎక్కడ పోతుందో అని. ఇప్పుడు ఇద్దరం లేచి తిరుగుతున్నాం. కాలనీలో ముగ్గురు మాత్రం తిరిగి రాలేదు. మా ఇంటిని కబాడ్‌ఖానా అన్న సెక్రెటరీ గారింట్లోనూ ఒకరు. వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుని వచ్చాను. ఆమె నన్ను చూసి, “మీ బాల్కనీ అలాగే ఉండనివ్వండి బెన్” అంది. బెన్ అంటే ఇక్కడ అక్క.

మూడు ముక్కలూ భూతద్దంలో చూశాను. మీదీ హెల్మెట్‌దీ ఒకే పక్కకు ఒరిగాయి. డుమస్‌ది ఎదురు పక్కకు. నా చేతులతోనూ నేర్చుకోబోయాను. ఎంత అవస్థపడినా నాకు కుడిచేతి ముడే వస్తోంది.

ఇక మూడో ఆధారం, ఓడ పేరు. రాసిన ఆఫీసులన్నీ మూతపడి ఉన్నాయి. బొంబాయిలో మా సేకరణదారుల బృందం ఒకటి ఉంది, అందులో పెద్దాయన ఫోన్ చేశారు. రెండు ఆధారాలు చాలవన్నారు. పైగా, “క్రమశిక్షణ తప్పి డిస్మిస్ అయినవాడి పేరు పెడితే వస్తువు విలువ పడిపోతుంది. ‘అజ్ఞాత నావికుడు’ అని రాయండి, గౌరవంగా ఉంటుంది” అన్నారు. అజ్ఞాతం కాదండీ, గీకేశారండీ, అన్నాను. వాదన పెరిగింది. ఆ బృందంలోంచి నా పేరు తీసేయమన్నాను. వాళ్లు తీసేలోగా నేనే వచ్చేశాను.

పుస్తకంలో ‘పేరు తెలియదు’ కొట్టేసి ‘మైలపల్లి నూకన్న’ అని రాశాను. మూడో ఆధారం గడి ఖాళీగానే ఉంచాను. ఖాళీని నింపి అబద్ధం ఆడను. అది ఖాళీగా ఉందని పేరూ మానేయను.

రాయి సంగతి ఏమైంది?

వసంతలక్ష్మి

*

భీమునిపట్నం,
6 జులై 2021.

వసంతా,

ఇన్నాళ్లూ ‘గారు’ అని రాశాను. జ్వరంలో మా అయ్య ముడిని దిండు కింద పెట్టుకున్న మనిషిని ఇక అలా పిలవలేను.

డిసెంబరు నాలుగు, నేవీ డే నాడు రాయి మీద గుడ్డ తీస్తారట. ఎమ్మార్వోని పిలిచారు. పోలయ్యకు నీ ఉత్తరం చూపించాను. “సూరత్‌లో ఎవరో ఆడమనిసి రాసిందని రాయి మీద చెక్కుతారేటప్పా?” అన్నాడు.

టోపీ ఇంక అడగను. నీ నియమం నీది. పట్టుదల ఉన్నవాళ్లంటే నాకు గౌరవం, అది నాకు అడ్డం వచ్చినా సరే. ఆ రోజు ఉత్త చేతులతోనే వెళ్తాను. వెళ్లకుండా మాత్రం ఉండను.

లలితమ్మ

*

హజీరా,
12 నవంబరు 2021.

టీచరుగారూ,

ఈ ఉత్తరంతో పాటు రిజిస్టరు పార్సెల్ వస్తుంది. పోస్టాఫీసులో గుమాస్తా ఊపి చూసి, “బెన్, ఆ శూం ఛే? కడాయి?” అని, ఇదేమిటి, మూకుడా అని అడిగాడు. మా ఊరి మనిషి నెత్తి మీది టోపీ అన్నాను. తెనాలికి మీ ఊరు ఎంత దూరమో ఆయనకేం తెలుసు.

నేను కుట్టిన పట్టీ విప్పేశాను. మీ నాన్నగారి వల సీసాలో ఉంది. చుట్టూ నేను కత్తిరించిన చోట, గంగవ్వ తోమిన మూల అతకాలి. అది నా చేత కాదు, కాకూడదు కూడా. అంచుకు ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి దారం పోతుంది. సీసా మీద పాత చీటీ పీకేయలేదు, కొట్టేసి కింద కొత్తది రాశాను. తప్పు కనబడుతూ ఉండాలి.

గీకిన చోట రంగు వేయించవద్దు. ఎవరైనా వేయమంటే ఒప్పుకోవద్దు.

మీరు అడగనన్నారు కనుక పంపుతున్నాను. నియమం మార్చుకున్నానని అనుకోకండి. పేరు ఎవరిదో తేలితే హెల్మెట్ ఆ ఇంటికి వెళ్లాలన్నదీ నా నియమమే. రత్నగిరిది కూడా అలాగే వెళ్లింది. మా బాల్కనీ గోడ మీద దీని చోటు అలాగే వదిలేశాను. పక్కవాటిని జరపలేదు. “ఇక్కడిది ఏదోయ్?” అని మావారు అడిగారు. ఇంటికెళ్లింది అన్నాను.

ఆగయ్య పార్సెల్ తాళ్లు బిగించాడు. “ఇగ గీ తాత ఇంటికి పోతున్నడు. గుడ్ల బండోనికి నువ్వు ఇచ్చిన బుట్టలు దండగ కాలేదమ్మా” అన్నాడు.

నాలుగో తేదీ ఏమైందో రాయండి. పొట్టిగా రాస్తే ఊరుకోను.

మీ
వసంత

*

భీమునిపట్నం,
5 డిసెంబరు 2021.

వసంతా,

పొడుగ్గానే రాస్తున్నాను.

వల అతకడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. చూపు ఆనక వేళ్లతోనే అతికాను. నిన్న పొద్దున్న తలంటుకుని, నేత చీర కట్టుకుని, టోపీ నెత్తిన పెట్టుకుని గెడ్డం కింద తాడు కట్టుకున్నాను. మూతికి గుడ్డ సరేసరి. కళ్లు తప్ప ఇంకేం కనబడకుండా రేవుకు నడిచాను. పడవలు వచ్చే వేళ. చేపల వేలంపాట ఆగిపోయింది.

“ఏటి టీచరమ్మా, యుద్దానికెల్తన్నావేటి?” అని ఒకడు కేకేశాడు.

“యుద్ధం మా అయ్య చేసేశాడు. నేను ఎండకి పెట్టుకున్నాను” అన్నాను.

రాయి మీద గుడ్డ తీశారు. పేర్లు చదివారు. మా అయ్య పేరు లేదు. నేను వెళ్లి రాయి పక్కన నిలబడ్డాను. ఎమ్మార్వో ఫొటోలో ఎక్కడ నిలబడినా నేను పడుతున్నాను. పోలయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. “అప్పా, పరువు తియ్యకు. ముందా టోపీ తీసీ.”

“తీయను. నువ్వు కావాలంటే తియ్యి. మా అయ్య కూడా గీకనన్నాడు. వాళ్లే గీకారు. చెయ్యి వెయ్యి, అందరూ చూస్తారు.”

వాడు చెయ్యి వేయలేదు. అప్పుడు ముందు వరస కుర్చీలోంచి వాడి తల్లి పిలిచింది. మా పైడమ్మ పిన్ని. తొంభై దాటింది, చూపు లేదు. వయసులో వలలు అల్లి పిల్లల్ని పెంచిన మనిషి. మా అయ్యను దొంగ అన్నవాళ్లలో ఆమె గొంతే పెద్దది.

“ఏటది? ఇలగియ్యి గుంటా” అంది. నాకు డెబ్బై మూడేళ్లు, వసంతా. నన్ను చిన్నపిల్లలా గుంట అనడానికి ఈ భూమ్మీద ఆవిడే మిగిలింది.

ఇచ్చాను. ఒళ్లో బోర్లించుకుంది. పైన తడిమింది. తర్వాత తిప్పి, లోపల గీకిన చోట బొటనవేలు పెట్టి, వల మీదికి చెయ్యి జరిపింది. ఒక ముడి, పక్క ముడి, దాని పక్కది. మైకులో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

“ఎడంసేతి ముడి. ఇది మా నూకన్న బావ సెయ్యి. ఒరే పోలిగా, ఇది ఆడిదేరా. టోపీ సెప్పినాడు, వల సెప్పినాడు, పేరు గీకీసినారని సెప్పినాడు. మనమే నవ్వినాం.”

మైకు ఆగింది. ఆవిడకు చెవుడు లేదు గానీ గొంతు మాత్రం నాకంటే పెద్దది. రేవంతా విన్నారు. ఆవిడ ఇంకా తడుముతూనే ఉంది. “ఇక్కడ కొత్తగా అతికినారు. నీదా?”

“నాదే పిన్నీ.”

“ఒదులుగా ఏసినావు.”

నవ్వాలో ఏడవాలో తెలియక టోపీ లాక్కుని మళ్లీ పెట్టుకున్నాను.

పోలయ్య ఎమ్మార్వోతో గుసగుసలాడి వచ్చి, కింద చోటుంది, పేరు చెక్కిస్తానన్నాడు. పేరొక్కటే చాలదన్నాను. ‘1946లో ఓడ మీద సమ్మె కట్టినందుకు తొలగించారు’ అని కూడా చెక్కాలన్నాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. “తీసీసిన ఊసు కూడానా? మంచిగా పేరేసీసి ఊరుకుందామప్పా!”

“ఊరుకోవడం కోసమైతే రాయి ఎందుకురా? దొంగ కాదు, తీసేశారు. ఎందుకు తీసేశారో చదివినవాడికి తెలియాలి.”

“అంత రాయి లేదు!”

పైడమ్మ పిన్ని కర్రతో రాయిని కొట్టింది. “ఎనక బోలెడు రాయుంది. తిప్పి సెక్కండ్రా.”

తిప్పడానికి నేను ఒప్పుకోలేదు. ఎదర వైపునే, చివర, అక్షరాలు కాస్త చిన్నవి చేసైనా సరే అన్నాను. సాయంత్రం చెక్కేవాడు ఉలి పట్టుకుని వచ్చేదాకా పోలయ్య సణుగుతూనే ఉన్నాడు. నేను రాయి పక్కనే ఇసకలో కూర్చున్నాను. మొదట ‘మైలపల్లి’ చెక్కాడు. తర్వాత ‘నూ’ పెట్టాడు. దీర్ఘం సరిగ్గా పడిందో లేదో వేలితో చూసుకుని, వెలుగు తగ్గాక ఇంటికి వచ్చాను.

టోపీ చాలా బరువుంది, వసంతా. ఆయన ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మెడ ఇంకా సలుపుతోంది. మిగిలిన అక్షరాలు రేపు చెక్కుతానన్నాడు.

రేపూ పెట్టుకునే వెళ్తాను.

మీ టీచరు
లలితమ్మ